గడ్డి మీద తెల్లగీతలు

కిందటివారం నాగిసాను హమనారి దీవి రేవుగట్టు మీద, మేనమామ కోపానికి ఎదురుగా నిలబెట్టి వచ్చాం. ఇషిగాకిలోని సముద్ర పరిశోధన సంస్థ ఆమెను అమ్మ పుట్టిన ఈ దీవికి పంపింది ఒక పటం గియ్యడానికి. దీవి చుట్టూ సముద్రపు గడ్డి ఎక్కడ ఉంది, ఎక్కడ లేదు అన్నది ఆ పటంలో తేలాలి. తూర్పు అఖాతంలో గడ్డి పెద్ద తుఫానుకీ, ఆ వెనకే వచ్చిన ఎండలకీ చచ్చిపోయిందని ఊళ్లో అందరూ ఎరుగుదురు. ఆ ఉత్త ఇసుకను తవ్వి, ఆటు వేళ కూడా పడవలు తిరిగేలా కొత్త దారి వెయ్యాలని ఏర్పాట్లు జరుగుతున్నాయి. ఆ దారి కోసం కాళ్లరిగేలా తిరిగినవాడు తొకుజో. నాగిసాకి మేనమామ, ఊళ్లో చేపలవాళ్ల సంఘానికి పెద్ద. నీళ్లు తీసిన వేళ పాత దారిలో పడవ కదలక, పెద్దాసుపత్రికి చేరకుండానే ఆయన భార్య రేవులో కన్నుమూసింది. అలాంటి మనిషి ముందు నాగిసా ఉపగ్రహం తీసిన బొమ్మ పరిచి, "మామయ్యా, తూర్పు అఖాతం మళ్లీ నల్లబడింది. అక్కడ గడ్డి తిరిగొచ్చిందని నా అనుమానం" అంది.

తొకుజో ఆ బొమ్మవంక కన్నెత్తి చూడలేదు. "రేపు పొద్దున్నే పడవ తీస్తాను. వచ్చి నీ కళ్లతో చూసుకో. చూసి, దారి సంగతి తేల్చే శుక్రవారం ఊరి సభలో అక్కడేమీ లేదని నీ నోటితోనే చెప్పు" అనేసి వెళ్లిపోయాడు.

ఇక ఆ పొద్దున ఏం జరిగిందంటే...

*

సముద్రం పళ్లెంలో పోసిన నీళ్లలా ఉంది. నాగిసాకి కావలసింది సరిగ్గా అదే. గాలి లేచిందంటే నీళ్లు ముడతలు పడతాయి. సూర్యుడు నడినెత్తికి వచ్చాడంటే కెమెరాలో తళుకు తప్ప ఇంకేమీ పడదు. ఆ రెండూ రాకముందే, నీళ్లు బాగా తీసిన వేళ చూసి డ్రోన్‌ని ఎగరేసి దించెయ్యాలి. అందుకే రేవులో ఇంకా నీళ్లుండగానే బయల్దేరారు. ఆమె డ్రోన్ పెట్టెను ఒళ్లో పసిపిల్లలా పెట్టుకుని పడవ మధ్యలో కూర్చుంది.

పడవ నడుపుతున్నది తొకుజో కూతురు కనామి. సముద్రంలో వలలు పరిచి వాటి మీద మొజుకు నాచు పెంచే తండ్రి పనిలో సగం తన భుజాన వేసుకున్న పిల్ల. నోట్లో నల్లబెల్లం ముక్క ఒక బుగ్గ నుంచి రెండో బుగ్గకి మార్చి, "అక్కా, నీ తూనీగకి టిఫిను పెట్టావా?" అంది.

"రాత్రంతా చార్జింగులోనే ఉంది."

"మా నాన్నని కూడా దాని పక్కనే చార్జింగులో పెట్టాల్సింది. పొద్దున లేచిన దగ్గర్నుంచీ మొహంలో లైటు లేదు."

ముందు కొస మీద కూర్చున్న తొకుజో వెనక్కి తిరగలేదు. "దారి చూసి నడుపు. నోటితో నడపక్కర్లేదు."

"దారి నాకంటే నీకే బాగా తెలుసుగా నాన్నా? రోజూ సాయంత్రం ఒక్కడివే ఇటే వస్తున్నావు."

ఆ మాటకి ఆయన భుజాలు ఒకసారి బిగుసుకోవడం నాగిసా చూసింది. అప్పుడు పట్టించుకోలేదు.

కాసేపటికి ఆయనే అందుకున్నాడు. "ఇదిగో పిల్లా. పైనుంచి చూస్తే నల్లగా కనబడిందల్లా గడ్డేనా? లోతున్న చోటా నల్లగానే ఉంటుంది. మబ్బు నీడ పడ్డా నల్లగానే ఉంటుంది. అంత ఎత్తు నుంచి చూస్తే మా అత్తగారు కూడా అందంగానే కనిపిస్తుంది."

కనామి కిసుక్కున నవ్వింది. నాగిసాకీ నవ్వొచ్చింది కానీ ఆపుకుంది.

"అందుకేగా మామయ్యా, లోతు తీసేసి చూశాను. వెలుగు నీళ్లలోకి దిగేకొద్దీ ముందు ఎరుపు చచ్చిపోతుంది. తర్వాత ఆకుపచ్చ. అన్నిటికంటే కిందిదాకా పోయేది నీలం. ఏది ఎంత మిగిలిందో చూస్తే అక్కడ లోతెంతో చెప్పొచ్చు. ఆ లోతు లెక్క తీసేశాక కూడా నలుపు పోలేదు. అంటే అడుగున ఏదో ఉంది."

"ఏదో అంటే?"

"అది ఉపగ్రహం చెప్పలేదు. దాని కంటికి మన ఇల్లూ వాకిలీ కలిపి ఒక చుక్క. అందుకే ఈ తూనీగ."

"పాచి అయ్యుంటుంది. కుళ్లిన నాచు కొట్టుకొచ్చి మేట వేసుంటుంది" అన్నాడు తొకుజో, ఇక మాట్లాడేందుకేం లేదన్నట్టు. "నీకంటే ముందు కొలిచినవాళ్లు ఉత్త ఇసుకే అన్నారు."

"వాళ్లు కొలిచింది గడ్డి చచ్చిన ఏడు. అప్పుడు నిజంగానే ఇసుక."

కొండకొమ్ము తిరగగానే అఖాతం కళ్ల ముందు విప్పుకుంది. దూరాన పగడపు గట్టు మీద తెల్లటి నురుగు, ఇటువైపు కదలికే లేని నీళ్లు. మధ్యలో ఒక ఇసుక దిబ్బ వీపు ఎత్తి పడుకున్నట్టుంది. కనామి ఆ దిబ్బ పక్కన పడవ ఆపింది. ముగ్గురూ దిగారు.

నాగిసా పెట్టె తెరిచి డ్రోన్ రెక్కలు బిగించింది. ఉపగ్రహపు బొమ్మల్లో ఒక్కో రంగునీ పట్టుకుని నెలల తరబడి కుస్తీ పట్టింది ఈ నలుపు కోసమే. సంస్థలో పైవాళ్లు కూడా 'నీ లెక్కలో ఎక్కడో తప్పుంది, మళ్లీ చూసుకో' అని రెండుసార్లు తిప్పి పంపారు. ఇప్పుడు కింద ఉన్నది పాచే అయితే, మామయ్య శుక్రవారం సభలో ఎగతాళి చేస్తాడని కాదు ఆమె భయం. తన కంటినే తను నమ్మలేని స్థితి వస్తుంది.

డ్రోన్ జుమ్మని లేచింది. దిబ్బ మీద పీతలు ఒక్కసారిగా బొరియల్లోకి దూరాయి.

చేతిలోని తెర మీద ముందు ఇసుక కనిపించింది. తెల్లగా, బోసిగా. ఇంకొంత దూరం. మళ్లీ ఇసుకే. తొకుజో తెర వంక చూడకుండా ఫ్లాస్కులోంచి మల్లెపూల టీ వంపుకుంటున్నాడు.

అప్పుడు ఇసుక అంచు తెగింది.

ఆకుపచ్చ. అక్కడొక మచ్చా ఇక్కడొక మచ్చా కాదు. నేసిన చాప పరిచినట్టు, ఒత్తుగా, లోపలి నీళ్ల కదలికకి ఒకే వైపు తల వాల్చి ఉన్న గడ్డి. డ్రోన్ ముందుకు పోయేకొద్దీ అది అయిపోవడం లేదు. తెర ఒక అంచు నుంచి రెండో అంచు దాకా నిండిపోయింది.

"అమ్మో!" కనామి ఎగిరి గంతేసింది. బెల్లం ముక్క నోట్లోంచి ఇసుకలో పడింది. "అమ్మో అమ్మో అక్కా! ఇదంతా? ఇదంతా మన అఖాతమే?"

నాగిసా నవ్వుతోంది, కళ్లు నీళ్లతో మసకబారి తెర కనబడటం లేదు. భుజంతో కళ్లు తుడుచుకుంది. "పాచి కాదు మామయ్యా. చూడు. ఒక్కసారి చూడు."

తొకుజో వచ్చి ఆమె భుజం మీద నుంచి వంగి చూశాడు. చేతిలోని టీ కప్పు పక్కకి ఒరిగి, టీ ఆయన కాలి మీద పడుతోంది. ఆయనకి తెలియలేదు.

"ఎప్పుడు..." అని మాత్రం అన్నాడు.

నాగిసా డ్రోన్‌ని కిందికి దింపింది, ఆకులు విడివిడిగా తెలిసేలా. అప్పుడు కనిపించాయి అవి. ఒత్తయిన గడ్డి మీద తెల్లటి గీతలు. ఒకటి కాదు, పది కాదు. గడ్డిని వేళ్లతో సహా పెకలించి, కింద ఇసుక బయటపడేలా గీసిన గీతలు. అఖాతం నోటి దగ్గర మొదలై లోపలి దాకా పోయాయి.

ఆమె పొంగిన గుండె ఒక్కసారిగా చల్లబడింది. ఇలాంటి గీతలు ఆమె వేరే రేవుల బొమ్మల్లో చూసింది. లోతు తక్కువ నీళ్లలో ఇంజను దించి పడవ నడిపితే, దాని రెక్కలు గడ్డిని ఇలాగే కోసుకుంటూ పోతాయి. ఆ కోత మానడానికి ఏళ్లు పడుతుంది. ఈ అఖాతంలోకి ఇప్పుడు ఎవరి పడవా రాదు.

ఒక్క పడవ తప్ప.

"నీకు తెలుసు" అంది ఆమె.

"ఏంటి?"

"గడ్డి తిరిగొచ్చిందని నీకు ముందే తెలుసు మామయ్యా. రోజూ సాయంత్రం వచ్చి చేస్తున్నది ఇదా? శుక్రవారం లోపల దున్ని పారేద్దామనా?"

కనామి నవ్వు ఆగిపోయింది. "అక్కా, ఏం మాటలవి?"

"ఈ గీతలు చూడు కనామీ. దొంగలెవరో వచ్చి గీసిపోయారా? ఊళ్లో పెద్దమనిషి, మొజుకు వలలు ఈ గడ్డి మీదే పరిచి బతికిన మనిషి..."

"నోరు ముయ్యి."

తొకుజో అరవలేదు. ఆ గొంతు తగ్గించి అనడమే నాగిసాని ఆపేసింది. ఆయన మొహం ఎర్రబడలేదు, తెల్లబడింది.

"వచ్చేవాణ్ణి. రోజూ వచ్చేవాణ్ణి. మీ అత్తయ్య చివరిసారి వలలు పరిచింది అదిగో, ఆ రాయి పక్కన. అక్కడ ఇంజను ఆపేసి కూర్చునేవాణ్ణి. చీకటిపడితే వెళ్లిపోయేవాణ్ణి." ఆయన ఆ రాయి మీంచి చూపు తిప్పుకున్నాడు. "కిందికి ఎప్పుడూ చూడలేదు. కిందికి చూస్తే ఆవిడ పరిచిన చోట ఏమీ లేదని కనబడుతుందిగా. అందుకని చూడలేదు."

గాల్లో డ్రోన్ ఒక్కటే గుయ్యిమంటోంది.

"నేను అబద్ధం చెప్తున్నానేమో నువ్వే తేల్చుకో. నీకు కొలతలు తెలుసుగా. దిగు నీళ్లలోకి" అని, ఆయన బూట్లతోనే ముందు దిగిపోయాడు.

నాగిసా డ్రోన్‌ని దించి, తెల్ల గొట్టాలతో కట్టిన నలుచదరం చట్రం తీసుకుని వెనకే దిగింది. తల వంచుకునే నడిచింది. మోకాళ్ల లోతు, తర్వాత తొడల దాకా. గడ్డి పిక్కలకి మెత్తగా రాసుకుంటోంది. మొదటి తెల్లగీత దగ్గర చట్రం అడుగున ఆనించి, ఈత కళ్లద్దాలు పెట్టుకుని నీళ్లలో మొహం ముంచింది.

ఒక్క క్షణం చూసి లేచింది. ఊపిరి తీసుకుని మళ్లీ ముంచింది.

ఇంజను రెక్క కోస్తే ఆకులు తెగుతాయి, వేళ్ల కొసలు ఇసుకలోంచి చీపురు పుల్లల్లా పొడుచుకొస్తాయి. ఇక్కడ పుల్ల లేదు. గీత పొడవునా ఆకూ లేదు, వేరూ లేదు, తెగిన ముక్కైనా తేలడం లేదు. రెండు పక్కలా ఇసుక చిన్న గట్టులా పేరుకుంది. గీత వెడల్పు ఎక్కడా మారలేదు. ఆమె బొటనవేలు, చిటికెనవేలు చాపి కొలిచింది. జానెడు. ఇంకాస్త ముందుకు పోయి కొలిచింది. అదే జానెడు.

దున్నింది కాదు. తిన్నది!

ఆమె తల పైకెత్తేసరికి తొకుజో కొంచెం అవతల నిలబడి, కాలి వేళ్లతో ఇంకో గీతని తడుముతున్నాడు. బూట్లు ఎప్పుడు విప్పాడో చేతిలో ఉన్నాయి.

"ఇంజను గీత తిన్నగా పోతుంది పిల్లా. మరీ తాగి నడిపితే ఒక వంక తిరుగుతుంది" అన్నాడు నెమ్మదిగా. "ఇది చూడు. ఇటు కాస్త, అటు కాస్త. ఇక్కడ ఆగింది. మళ్లీ మొదలుపెట్టింది. ఇది పోవడం కాదు, మేత."

"వేళ్లు కూడా లేవు మామయ్యా. మొత్తం లాగేసి తినేసింది. తాబేలు అయితే ఆకులు కొరికి వదిలేస్తుంది. వేళ్లతో సహా ఇలా చాళ్లు చాళ్లుగా తినేది సముద్రంలో..."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ముందెవరు అంటారా అన్నట్టు.

"జాన్" అన్నాడు తొకుజో.

దిబ్బ మీది నుంచి కనామి కేక పెట్టింది. "ఏంటీ? ఏమన్నావు నాన్నా?"

"జాన్ అన్నాడే! సముద్రపు ఆవు!" నాగిసా రెండు చేతులూ ఎత్తి అరిచింది. హమనారి వాళ్లు జాన్ అని పిలిచే ఆ జంతువుని చూసి రెండు తరాలు దాటింది. ముసలమ్మలు పిల్లల్ని నిద్రపుచ్చే కథల్లో తప్ప అది ఇక లేదనే అందరూ అనుకున్నారు. తను పుస్తకాల్లో చూసిన గీతల మధ్యలో ఇప్పుడు తనే నిలబడి ఉంది. "కనామీ, మన అఖాతంలో సముద్రపు ఆవు మేస్తోంది! మొన్నా నిన్నా మేసిన గీతలివి, అంచులు ఇంకా విరగలేదు!"

కనామి బట్టలతోనే నీళ్లలోకి దూకింది. నీళ్లు చొరని కవరులోని ఫోను ఒక చేత్తో నెత్తి మీద పట్టుకుని, పడుతూ లేస్తూ వచ్చి గీతలన్నీ ఫొటోలు తీసింది. "అమ్మమ్మ చెప్పేది నిజమేనా? అది మనిషిలా పిల్లని రొమ్ముకి అదుముకుని పాలిస్తుందని?"

ఆ మాటకి నాగిసాకి ఏదో తట్టింది. కిందికి వంగి, పెద్ద గీతల పక్కనే పోయే గీతల్ని వెతికింది. ఒకటి దొరికింది. వేళ్లు చాపి కొలిచింది. చిటికెనవేలు గీత దాటి గడ్డిలో పడింది. ఇంకొకటి. అదీ అంతే. ప్రతి పెద్ద గీత పక్కనా, దాన్ని విడవకుండా, ఒక సన్నగీత. సరిగ్గా పోవడం కూడా రాలేదు దానికి. మధ్యలో వదిలేసి, మళ్లీ తల్లిగీత పక్కకి పరిగెత్తి వచ్చింది.

"రెండున్నాయి. ఒకటి పిల్ల. ఇప్పుడిప్పుడే మేత నేర్చుకుంటోంది" అంది గుసగుసగా.

కనామి ఆమెను కావలించుకుని నీళ్లలో గిరగిరా తిప్పింది. ఇద్దరూ కలిసి వెల్లకిలా పడ్డారు. ఉప్పునీళ్లు మింగి దగ్గుతూ, నవ్వుతూ లేచారు. లేచాక నాగిసా తొకుజో ముందుకి వెళ్లి, నడుము దాకా వంగి తల దించింది.

"మామయ్యా, ఇందాక అన్నది... నన్ను క్షమించు. చూడకుండానే అనేశాను."

"సర్లే. నేను మాత్రం నీ బొమ్మ చూశానా?" అన్నాడాయన. ఆమె తడి జుట్టుని ఒకసారి చేత్తో చిందరవందర చేశాడు, చిన్నప్పుడు చేసినట్టే. కానీ మొహంలో వెలుగు నిలవలేదు. రెండు అడుగులు వేసి ఆగిపోయాడు.

"పటంలో గడ్డి చూపించు. వద్దనను. ఈ గీతలు మాత్రం చూపించకు."

నాగిసాకి అర్థం కాలేదు. "ఏంటి?"

"గడ్డి అంటే దారి వేసేవాళ్లు దాన్ని కొంచెం పక్కకి జరుపుతారు. బేరం ఆడుకోవచ్చు. జాన్ ఉందని తెలిస్తే? టోక్యో నుంచి అధికారులు దిగుతారు. అఖాతమంతా తాడు కట్టేస్తారు. దారి గీరి ఇక జన్మలో ఉండదు. రేపు నీళ్లు తీసిన వేళ ఇంకో ఆడది నొప్పితో మెలికలు తిరుగుతుంటే, నేను రేవులో నిలబడి ఏం చెప్పాలి? ఆవు మేస్తోంది, కాస్త ఓర్చుకో తల్లీ అని చెప్పాలా?"

"నాన్నా..." అంది కనామి.

"నువ్వు ఆవిడ చెయ్యి పట్టుకుని లేవూ? చెప్పు మీ అక్కకి. చెయ్యి ఎప్పుడు చల్లబడిందో చెప్పు."

కనామి తల తిప్పుకుంది. నాగిసా చేతిలోని చట్రం వంక చూసుకుంది. సంస్థ గురించో, చట్టం గురించో మాట్లాడొచ్చు. ఆ మాటలు ఈ మనిషి ముందు నోటికి రాలేదు.

"అత్తయ్య పోయినప్పుడు నేను ఎక్కడో దూరాన ఒకాయమాలో చదువుకుంటున్నాను. రాలేకపోయాను. అది నీ అంత కాకపోయినా నన్నూ తొలుస్తూనే ఉంది మామయ్యా" అంది చివరికి. "కానీ నేను గీసేది పటం. కళ్లారా చూసింది చెరిపేస్తే రేపు నేను చెప్పేది ఎవరు నమ్ముతారు? దారి వద్దని ఎవరూ అనడం లేదు. పడమటి వైపు లోతుంది, నా బొమ్మలో కనిపిస్తోంది. కొలుద్దాం. నువ్వూ నేనూ కలిసి కొలుద్దాం. జాన్ ఉన్న దీవికి దారి వెయ్యకపోతే ఎలా అని నువ్వే సభలో గట్టిగా అడుగు. ఇన్నాళ్లూ నువ్వు అడిగితే వినలేదు. ఇప్పుడు వింటారు!"

"పడమట రాళ్లు."

"రాళ్ల మధ్య ఇసుక సందుంది."

"ఉపగ్రహం చెప్పిందా?"

"చెప్పింది. తూర్పున గడ్డి ఉందన్నదీ అదే."

తొకుజో చేతిలో బూట్లు పట్టుకుని నీళ్ల వంక చూశాడు. పోటు మొదలైంది. నడుము కిందున్న నీళ్లు నడుముకి వచ్చాయి.

"తూనీగలో ఇంకా ఓపికుందా?" అని అడిగాడు ఉన్నట్టుండి. "పోటుతోనే మేతకి వస్తాయని మా తాత అనేవాడు."

ముగ్గురూ దిబ్బ మీదికి పరిగెత్తారు.

నాగిసా కొత్త బ్యాటరీ వేసి డ్రోన్‌ని ఈసారి బాగా ఎత్తులో నిలిపింది, చప్పుడుకి బెదరకుండా. పగడపు గట్టు సందులోంచి నీలం నీళ్లు లోపలికి పొంగుతున్నాయి. ఒక తాబేలు పోయింది. ఒక చేపల గుంపు మబ్బులా కదిలింది. ఆ తర్వాత సందులో ఒక నీడ పడింది. నిదానంగా, తొందరేమీ లేనట్టు, వెడల్పాటి తోక పైకీ కిందికీ ఆడిస్తూ ఆ నీడ గడ్డి మీదికి వచ్చింది. బూడిదరంగు వీపు. ఆ వీపు మీద, కాస్త పక్కగా, అతికించినట్టు ఇంకో చిన్న వీపు.

తల్లి నీటి పైకి వచ్చి ముక్కు తెరిచి ఊపిరి పీల్చింది. దాని వెంటే పిల్ల కూడా.

కనామి రెండు చేతులతో నోరు మూసుకుంది. తొకుజో తెర మీద వేలు పెట్టబోయి, తగిలితే బెదురుతాయేమో అన్నట్టు వెనక్కి తీసుకున్నాడు. "ఆవిడ వలలు పరిచిన చోటుకే పోతున్నాయి" అన్నాడు. "చూడు కనామీ, మీ అమ్మ చోటుకే."

తల్లి తల దించి మేత మొదలుపెట్టింది. దాని మూతి కింద నుంచి ఇసుక పొగలా లేచింది. వెనక తెల్లగీత పడుతోంది, కళ్ల ముందే, కొత్తగా.

సరిగ్గా అప్పుడే కొండకొమ్ము అవతల నుంచి ఇంజన్ల చప్పుడు వినిపించింది. ఒకటి కాదు.

నాగిసా తలెత్తింది. "ఇటు ఎవరొస్తున్నారు?"

కనామి మొహం పాలిపోయింది. ఫోను వంక చూసుకుంది. "అక్కా... ఆ గీతల ఫొటో ఒక్కటే... ఆనందం పట్టలేక ఊరి గ్రూపులో పెట్టాను. 'జాన్ వచ్చింది' అని రాశాను. ఊరంతా వస్తామంటున్నారు."

పోటు ఎక్కింది కాబట్టి రేవులో పడవలన్నీ కదిలాయి. మొదటిది కొమ్ము తిరిగింది, తెల్లటి నురుగు చిమ్ముకుంటూ. దాని వెనక ఇంకోటి. ఆ వెనక యాత్రికుల్ని తిప్పే పెద్ద పడవ, రెండు ఇంజన్లది. మనుషులు పైన నిలబడి చేతులూపుతున్నారు. వాళ్లొచ్చే దారికి అడ్డంగా, నడుము లోతు నీళ్లలో, తల్లీపిల్లా మేస్తున్నాయి.

"ఆపండి!" అని నాగిసా అరిచింది. ఆ కేక పది గజాలు కూడా పోలేదు.

తొకుజో అప్పటికే పడవలో ఉన్నాడు. ఇంజను తాడు లాగుతాడనుకుంది నాగిసా. లాగలేదు. ఇంజన్ని నీళ్లలోంచి పైకెత్తి కట్టేసి, అడుగున పడున్న పొడవాటి గెడ అందుకున్నాడు. గెడ ఇసుకలో గుచ్చి, ఒళ్లంతా విల్లులా వంచి నెట్టాడు. పడవ గడ్డి మీదుగా చప్పుడు లేకుండా జారింది. మళ్లీ గుచ్చాడు. మళ్లీ నెట్టాడు. గీతలు మాత్రం చూపించొద్దని ఇందాక అన్న మనిషి, ఊరు ఊరంతా చూస్తుండగా అఖాతం నోటికి అడ్డంగా పడవ తిప్పి, గెడ రెండు చేతులతో తలమీదికి ఎత్తి నిలబడ్డాడు.

"ఆగండ్రా! ఇంజన్లు కట్టెయ్యండి! లోపల పసిపిల్ల ఉంది!"

మొదటి పడవ ఆగింది. రెండోది పక్కకి కోసుకుని ఆగింది. యాత్రికుల పడవ మాత్రం వేగం తగ్గించి, పగడపు గట్టు వెంట సన్నటి సందు చూసుకుని, తొకుజోని చుట్టి లోపలికి వచ్చేసింది.

"అక్కా, అవెక్కడ? అవి ఎటు పోయాయి?" కనామి ఆమె చెయ్యి గుంజింది.

నాగిసా తెర వంక చూసింది. నీళ్లు కలగి, ఇసుక రేగి, ఆకుపచ్చా తెలుపూ కలిసిపోయాయి. డ్రోన్‌ని ముందుకు తోసింది, ఎడమకి తిప్పింది. దొరికింది. తల్లి మేత వదిలేసింది. ఒకచోట నిలవకుండా గుండ్రంగా తిరుగుతోంది, మళ్లీ మళ్లీ, ఏదో వెతుకుతున్నట్టు.

దాని పక్కన చిన్న వీపు లేదు.